ఉప్పెన గురుతులు

కార్తికమాసము మనకు దీపముల మాసము. తెల్లవారకమునుపే స్నానములు, తులసికోటకడ దీపములు, నాగులచవితినాడు పుట్టలో పాలు, ఉసిరిచెట్టు నీడను వనభోజనములు - ఇవి యెఱుగని తెలుగిల్లు అరుదు. కాని బాపట్ల, రేపల్లె, తెనాలి ప్రాంతములందును, కృష్ణ కావలియొడ్డున దివిసీమయందును ఈ మాసము రాగానే పెద్దవారికి మఱియొకటి కూడ జ్ఞప్తికి వచ్చును. ఆకాశము మూసికొని, ఈశాన్యపుగాలి విసరనారంభింపగనే వారు చేతిపని ఆపి వీధివైపు చూతురు. "ఉప్పెన యేటను ఇట్లే మొదలైనది" అందురు. చిన్నవారు ఆ మాటను విని ఊరకుందురు; కొందఱు నవ్వుదురు. ఈ నెల మేము ఆ మాటను గూర్చియే మీతో ముచ్చటింప దలచితిమి. ఏలయన, దానిని స్వానుభవమున చెప్పగలవారు ఏటేట తగ్గిపోవుచున్నారు.

ఆనాడు జరిగినది

1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీ, శనివారము. దీపావళి వెళ్లి వారము దాటినదో లేదో. అప్పుడు తెనాలి, బాపట్ల, రేపల్లె మూడును గుంటూరు జిల్లాలోని తాలూకా పట్టణములు. 2022వ సంవత్సరము ఏప్రిలు నెలలో క్రొత్తగా బాపట్ల జిల్లా యేర్పడినప్పుడు బాపట్లయు రేపల్లెయు అందు చేరినవి; తెనాలి గుంటూరు జిల్లాయందే నిలిచినది. జిల్లాలు వేఱైనను ఆ నాటి జ్ఞాపకము మాత్రము మూడూళ్లకును ఒక్కటియే.

సార్వా వరి చేతికందవచ్చిన దినము లవి. కొన్ని చోట్ల కోతలు, కొన్ని చోట్ల కోతకు సన్నాహములు. అంతకు ఏడు దినముల ముందు, నవంబరు 12వ తేదీన, మఱియొక గాలివాన తమిళదేశమున నాగపట్టణముకడ తీరముదాటి వందలమందిని పొట్టను బెట్టుకొనెను. ఆ వార్త చల్లారకమునుపే బంగాళాఖాతమున రెండవది బలమెక్కెను. రేడియోలో హెచ్చరికలు వినవచ్చినవి. కాని గాలివాన మనవారికి క్రొత్త కాదు గదా! కప్పు లేచిపోవును, చెట్లు కూలును, రెండు దినములు పొయ్యి రాజదు, పిదప అన్నియు చక్కబడును. తాతలనాటినుండి వచ్చిన అనుభవము చెప్పిన దింతియే. సముద్రము లేచి యింటి గడపకు వచ్చునని ఆ అనుభవము చెప్పలేదు.

ఆ సాయంకాలము గాలివాన చీరాల, బాపట్లల ప్రాంతమున తీరమును తాకెను. గాలి గంటకు సుమారు 200 కిలోమీటర్ల వేగముతో వీచెను. దానితోపాటు సముద్రము 5 మీటర్ల యెత్తున, అనగా 16 అడుగుల యెత్తున, లేచి పల్లపు భూములమీదికి వచ్చెను. ఒక మనుష్యుని భుజములపై ఇంకొకడు, అతని భుజములపై మఱియొకడు నిలిచిన యెత్తని యనుకొనుడు. దివిసీమలో పాలకాయతిప్ప, సొర్లగొంది మొదలగు పల్లెలు తుడిచిపెట్టుకొనిపోయినవి. బాపట్లలో ప్రాణములు దక్కించుకొనుటకై ఒక క్రైస్తవ దేవాలయమున చేరినవారిలో సుమారు 100 మంది ఆ కట్టడము కూలి అందే మరణించిరి. మొత్తముమీద మరణించినవారి సంఖ్య ప్రభుత్వపు లెక్కప్రకారమే 10,000కు మించినది. ఇండ్లు పోగొట్టుకొన్నవారు లక్షల సంఖ్యలో నుండిరి. పశువుల నష్టమునకు మేరయే లేకుండెను.

తెనాలికి ఉప్పునీరు రాలేదు. గాలియు, వానయు వచ్చినవి. కోతకు వచ్చిన వరి నేలకొఱిగినది. కాని సముద్రపుటూళ్లకును తెనాలికిని ఉన్న సంబంధము నేటిది కాదు. ఒకప్రక్క బాపట్లమీదుగా మదరాసుకు పోవు రైలుమార్గము, మఱియొక ప్రక్క 1916వ సంవత్సరమున వేయబడిన రేపల్లె శాఖామార్గము తెనాలికడ కలియును. ఆ మార్గములవెంబడి వియ్యములు, వ్యాపారములు, చదువులు పెరిగినవి. రేపల్లె పిల్ల తెనాలి కోడలు. తెనాలి పిల్ల నిజాంపట్నమువైపు కోడలు. కావున ఉప్పునీరు రాని యూరిలో కూడ ఉప్పెన దుఃఖము ప్రవేశించినది. పుట్టింటినుండి వార్త రాని ఆ దినములు ఎట్లుండెనో ఆనాటి కోడండ్రు, ఇప్పటి నాయనమ్మలు చెప్పవలసినదే గాని మేము వర్ణింపజాలము.

నీరెటువైపు వచ్చును?

ఒకే గాలివానలో ఒకచోట గాలియే హెచ్చుగను, ఒకచోట నీరు హెచ్చుగను ఏల వచ్చునను సందేహము చాలమందికి కలదు. ఇది తెలిసికొనుట స్త్రీలకు మిక్కిలి యవసరము గనుక కొంచెము వివరింతుము.

మన సముద్రమున పుట్టు తుపానులలో గాలి గడియారపు ముల్లునకు ఎదురుగా, గుండ్రముగా తిరుగును. అది దక్షిణపు దిక్కునుండి వచ్చి మన తీరమును తాకునప్పుడు దాని కుడిచేతివైపు, అనగా తూర్పువైపున, గాలి సముద్రపు నీటిని నేలమీదికి త్రోయును. ఎడమచేతివైపున గాలి నేలమీదనుండి సముద్రములోనికి వీచును. 1977లో గాలివాన నడిమిభాగము చీరాల, బాపట్లల ప్రాంతమున దాటుటచే నిజాంపట్నము, రేపల్లె తీరము, దివిసీమ కుడిచేతివైపునకు వచ్చినవి. దానికితోడు బాపట్లనుండి కృష్ణ సంగమమువఱకు తీరము కొడవలివలె వంగియున్నది. ఆ వంపులోనికి త్రోయబడిన నీటికి ప్రక్కకు పోవుటకు దారి లేదు. అక్కడి సముద్రమునకు లోతును తక్కువ. నీరు పైకి లేచుట తప్ప వేఱు గతి లేకపోయినది.

దీనినిబట్టి మనము గ్రహింపవలసిన దొకటి కలదు. "పోయినసారి మాకు నీరు రాలేదు" అను మాట ధైర్యమునకు ఆధారము కాదు. గాలివాన ఒంగోలువైపు దాటినచో కుడిచేతివైపు బాపట్లకు వచ్చును. కృష్ణ సంగమముకడ దాటినచో మచిలీపట్నమునకు వచ్చును. ఉప్పెన యూరి పేరు చూచి రాదు. గాలివాన దాటు చోటునుబట్టి వచ్చును.

ఇంకొకటి. గాలివాన నడిమిభాగము మన యూరిమీదుగా పోవునప్పుడు గాలి ఒక్కసారిగా నిలిచిపోవును. వాన వెలసినట్లుండును, ఒకొకప్పుడు ఆకాశము కూడ తేటపడును. గండము గడచినదని జనము వీధిలోనికి వత్తురు. కొంతసేపటికి ఎదురుదిక్కునుండి మొదటంత గాలియు మరల విసరును. గాలి నిలిచినంతనే పిల్లలను వెలుపలికి పంపరాదని ప్రతితల్లియు తెలిసికొనవలెను.

మఱచుట యెట్లు జరిగినది?

ఇట్టి నీరు మన తీరమునకు 1977లో మొదటిసారి వచ్చినది కాదు. 1789లోను, మరల 1839లోను కోరంగి రేవు ఉప్పెనలో మునిగినది. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి మచిలీపట్నముమీదికి వచ్చిన ఉప్పెనలో ఆ పట్టణమునను చుట్టుప్రక్కలను సుమారు 30,000 మంది మరణించిరి. బందరుకోట వైభవము ఆ రాత్రితో పోయినదని చరిత్ర చెప్పుచున్నది.

1864కును 1977కును నడుమ 113 ఏండ్లు. అనగా నాలుగు తరములు. ఈ నడుమ గాలివానలు రాకపోలేదు. కాని అంతటి నీరు రాలేదు. ఈలోపల 1855లో పూర్తియైన విజయవాడ ఆనకట్ట కాలువలు సముద్రపుటంచులవఱకు పారి, చవుటినేలలు మాగాణులైనవి. భూమికొఱకు, కూలికొఱకు, చేపలవేటకొఱకు జనము క్రొత్తగా వచ్చి తీరమున స్థిరపడిరి. భూమి దొరికినది, దానితోపాటు ఆ భూమి కథ దొరకలేదు. ముత్తవ్వ చూచినది అవ్వకు కథయైనది. అవ్వ విన్నది అమ్మకు సామెతయైనది. అమ్మ విన్నది బిడ్డకు అందనే లేదు. 1977లో రేడియో హెచ్చరించినప్పుడు "ఇది వట్టి గాలివాన కాదు, నీరు కూడ రావచ్చును, లేవండి" అని యింటిలో చెప్పగల ముసలమ్మ లేకపోయెను.

ఇప్పుడు రెండవ సంగతి చూడుడు. ఆ ఉప్పెన జరిగిన 13 ఏండ్లకు, 1990వ సంవత్సరము మే 9వ తేదీన, ఇంచుమించు అంతటి గాలివానయే కృష్ణ సంగమము సమీపమున తీరము దాటెను. ఈసారి లక్షన్నరకు మించిన జనమును ముందుగానే సముద్రపుటూళ్లనుండి తరలించిరి. మరణములు లేకపోలేదు, 967 మంది చనిపోయిరి. ఒక్క ప్రాణమైనను చిన్నది కాదు. కాని పదివేలకును వేయికి లోపునకును గల భేదము ఎంత! హెచ్చరికలు మెఱుగైనవి, తుపాను షెల్టర్లు కట్టబడినవి, అధికారులు ముందే కదలిరి. వీని కన్నిటికిని తోడు మఱియొకటి యున్నది. "లేవండి" అన్నప్పుడు జనము లేచిరి. పదమూడేండ్ల క్రిందటి నీరు వారి కన్నులలో ఇంకను ఆరలేదు. జ్ఞాపకము పచ్చిగా నున్నప్పుడు హెచ్చరిక పనిచేయును. అది ఎండిపోయినప్పుడు హెచ్చరిక గాలిలో కలియును. ఈ నెల మేము చెప్పదలచిన మాట యంతయు ఇదియే.

ఇంకను నిలిచియున్న గురుతులు

ఏబదియేండ్లు కావచ్చుచున్నవి. ఆనాడు పదేండ్ల పిల్ల యిప్పుడు అఱువదవ పడికి చేరుచున్నది. గురుతులు ఎక్కడ నున్నవని చూచినచో కొన్ని కంటికి కనబడును, కొన్ని కనబడవు.

అవనిగడ్డకడ ఉప్పెన మృతుల స్మారకము కలదు. నవంబరు 19వ తేదీన అక్కడ పూలుంచి నమస్కరింతురు. 2006వ సంవత్సరమున పెనుమూడి, పులిగడ్డల నడుమ కృష్ణమీద వంతెన తెఱవబడినప్పటినుండి రేపల్లెవారు పడవకొఱకు వేచియుండ నక్కఱలేకయే ఆ యొడ్డునకు పోయి రాగలరు. పిల్లలను తీసికొని ఒకమారు చూచి రావలసిన తావది.

రెండవ గురుతు సరుగుడు తోటలు. సూర్యలంకకు విహారమునకు పోవు పిల్లలకు అవి నీడనిచ్చు చెట్లుగనే కనబడును. తీరమువెంబడి గాలి జోరును తగ్గించుటకు వానిని పెంచిరని వారికి తెలియదు. కృష్ణ సంగమమువైపున్న మడ అడవులు అంతకంటె పాత కాపలాదారులు. బురదలో దిగిన వాని వేళ్లు నీటి వడిని విఱుచును. ఆ అడవిని కొట్టి రొయ్యలచెరువు త్రవ్వినచోట ఊరికి అడ్డుగానున్న గోడను మనమే తీసివేసికొన్న ట్లగును. రొయ్యలవలన కుటుంబములు బాగుపడుచున్నవని మేమెఱుగుదుము. దానిని తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. కాని ఏ చెట్టు ఎందులకు నిలిచియున్నదో తెలిసియే గొడ్డలి పట్టవలెను.

మూడవ గురుతు తుపాను షెల్టరు. స్తంభములమీద ఎత్తుగా కట్టి, క్రిందనుండి నీరు పోవునట్లు విడిచిన ఆ భవనములు తీరపుటూళ్లలో పలుచోట్ల కలవు. ఎండకాలములో అందు బడి, వానకాలములో అందే ధాన్యము, మఱియొకప్పుడు పెండ్లి. అట్లు వాడుకొనుట మంచిదే. వాడని యిల్లు పాడగును.

కంటికి కనబడని గురుతులలో మొదటిది ఉప్పు. ఉప్పెన అను మాటలోనే అది వినబడుచున్నది. సముద్రపునీరు పోయిన పిదప కూడ ఉప్పు నేలలో నిలిచినది; బావులలో నిలిచినది. బ్రదికినవారికి తరువాతి దినము త్రాగునీరే లేకపోయెను. చుట్టును నీరు, గొంతు తడుపుకొన చుక్క లేదు. వానలు పడి, కాలువనీరు పెట్టి, నేలను మరల మరల కడిగినగాని పైరు తేరుకొనదు. ఈ కష్టము ఏ స్మారకముమీదను చెక్కబడలేదు. బిందె చంకనిడుకొని నడచిన స్త్రీల కాళ్లకే తెలియును.

రెండవది కాలగణనము. తీరపు పల్లెలలో "ఉప్పెనకు ముందు", "ఉప్పెన తరువాత" అనియే వయసులు, పెండ్లిండ్లు, ఇంటి కట్టడములు లెక్కింతురు. "మా పెద్దవాడు ఉప్పెననాటికి చంటిబిడ్డ" అన్నచో చాలును. సంవత్సరము చెప్ప నక్కఱలేదు.

మూడవది కృతజ్ఞత. ఆ దినములలో దేశము నలుమూలలనుండి సేవకులు వచ్చిరి. మదర్ థెరిసా వచ్చి దుఃఖితులను చూచెను. శ్రీరామకృష్ణ మిషనువారు దివిసీమలో ఇండ్లు కట్టించిరి. ఆనాటి అవనిగడ్డ శాసనసభ్యులు శ్రీ మండలి వెంకట కృష్ణారావుగారు జనముమధ్యనే యుండి చేసిన సేవను దివిసీమ నేటికిని తలచుకొనుచున్నది. చలనచిత్ర నటులు శ్రీ నందమూరి తారక రామారావుగారును, శ్రీ అక్కినేని నాగేశ్వరరావుగారును వీధులలో తిరిగి చందాలు పోగుచేసిరి. తెరమీద తప్ప చూడనివారు ఎదుటికి వచ్చి చేయి చాపగా, గృహిణులు తమకు గలదానిలోనుండియే తీసి యిచ్చిరి. ఆ యిచ్చిన చేతులు కూడ ఉప్పెన చరిత్రలోనివే.

స్త్రీలకే హెచ్చుగా ఏల?

సోదరీమణులారా! ఇక కఠినమైన సంగతి నొకదానిని చెప్పక తప్పదు. ఉప్పెనలలో స్త్రీలును, పసిబిడ్డలును, ముసలివారును హెచ్చుగా మరణింతురు. 1991వ సంవత్సరము ఏప్రిలు 29వ తేదీ రాత్రి బంగ్లాదేశపు తీరమును ముంచిన ఉప్పెనలో సుమారు 1,38,000 మంది మరణించిరి. పిదప చేసిన పరిశీలనలో తేలినదేమన, 20 మొదలు 44 ఏండ్ల వయసుగల పురుషులలో వేయింటికి 15 మంది మరణింపగా, అదే వయసు స్త్రీలలో వేయింటికి 71 మంది మరణించిరి. అది మన బంగాళాఖాతమే; మనవంటి పల్లెలే; మనవంటి చీరలే.

కారణము బలము తక్కువయగుట మాత్రమే కాదు. ఇల్లు విడిచి పోవుటకు మగవారి సెలవుకొఱకు వేచియుండుట ఒకటి. చంకలో నొకరు, చేతిలో నొకరు బిడ్డలుండుట రెండవది. తడిసిన చీర కాళ్లకు చుట్టుకొనుట మూడవది. ఈత, చెట్టెక్కుట చిన్ననాడే మానిపించుట నాలుగవది. పరాయి మగవారినడుమ ఒక్క గదిలో, మఱుగుదొడ్డి లేనిచోట, రాత్రి యెట్లు గడపుదుమని షెల్టరునకు పోవ సంకోచించుట అయిదవది. మొదటి నాలుగును మన యిండ్లలో దిద్దుకొనవలసినవి. అయిదవది ఊరు దిద్దుకొనవలసినది.

బంగ్లాదేశమువారు ఈ పాఠము నేర్చుకొనిరి. ఊరూర హెచ్చరికలు చెప్పు స్వచ్ఛంద సేవకులలో స్త్రీలను చేర్చిరి. షెల్టర్లలో స్త్రీలకు వేఱుగా చోటేర్పఱచిరి. 2007లో వచ్చిన "సిడ్ర్" అను ఘోరమైన గాలివానలో మరణములు మూడువేలపైచిలుకు; 1991నాటి లెక్కతో పోల్చినచో మార్పు కానవచ్చును. ఇంటి గడపకు వచ్చి, "వదినగారూ, బయలుదేరండి" అని ఒక స్త్రీ చెప్పిన మాటకు మఱియొక స్త్రీ లేచినంత త్వరగా మైకులో వినవచ్చిన మాటకు లేవదు. మన పొదుపుసంఘములవారు ఈ సంగతి ఆలోచింపవలెను.

మనము చేయదగినవి

మొదటిది, ఉప్పెన పుస్తకము. ఇంటిలో గాని, ఇరుగుపొరుగున గాని 1977 ఉప్పెనను చూచిన పెద్దవారున్నచో, ఈ కార్తికములోనే ఒక మధ్యాహ్నము వారికడ కూర్చుండుడు. వారిని ఏడిపించు ప్రశ్నలు వలదు. ఈ అయిదు మాత్రము అడిగి, ఒక నోటుపుస్తకమున వ్రాసికొనుడు: నీరు మన యూరిలో ఎంతవఱకు వచ్చినది? ఎటునుండి వచ్చినది? ఏ మెరక, ఏ మేడ, ఏ చెట్టు మునుగలేదు? మన వారు ఏ దారిని పోయి బ్రదికిరి? మఱునాడు మంచినీళ్లు ఎక్కడనుండి తెచ్చుకొనిరి? సెల్‌ఫోనులో మాట పట్టుకొనుట తెలిసిన పిల్లలున్నచో వారి గొంతునే దాచియుంచుడు. నీరు వచ్చిన యెత్తు తెలిసినచో బడిగోడమీదనో, గుడిగోడమీదనో పెద్దల యనుమతితో ఒక గీత గీయించుడు. ఆ గీత చూచిన పిల్లవానికి ఎన్ని పాఠములు చెప్పినను అంత బోధపడదు.

రెండవది, షెల్టరు తాళపుచెవి. మీ యూరిలో తుపాను షెల్టరున్నచో దాని తాళము ఎవరియొద్ద నున్నదో మీకు తెలియునా? రాత్రి రెండుగంటలకు ఆ మనిషి దొరకునా? మఱుగుదొడ్డి తలుపునకు గడియ యున్నదా? బాలెంతకు వేఱుగా ఒక మూల కలదా? ఎండలున్నప్పుడే నలుగురు స్త్రీలు కలిసి పోయి చూచి, కావలసినవానిని పంచాయతీవారికి వ్రాసి యిచ్చుట మేలు. గాలి మొదలైన పిదప అడిగిన తాళము దొరకదు.

మూడవది, రేవు జెండా. నిజాంపట్నము, మచిలీపట్నము రేవులలో తుపాను సూచికలు ఎత్తుదురు. వానికి 1 మొదలు 11 వఱకు అంకెలు కలవు. 8, 9, 10 అంకెలు మహాప్రమాదమునకు గుర్తులు. 11 అనగా హెచ్చరించు కార్యాలయముతో సంబంధమే తెగినదని యర్థము. పేపరులోనో, టీవీలోనో ఈ అంకె వచ్చినప్పుడు దానిని చదువగలుగుట గృహిణికి పంచాంగము చదువగలుగుటవంటిదే.

నాలుగవది, మూట. అక్టోబరునుండి డిసెంబరువఱకును, మరల మే నెలలోను ఒక సంచి సిద్ధముగా నుంచుడు. అందు రేషను కార్డు, ఆధారు కార్డు, పొలము కాగితములు, బ్యాంకు పుస్తకము ప్లాస్టిక్కు సంచిలో చుట్టి పెట్టుడు. అటుకులు, బెల్లము, వేయించిన పప్పులు, ఉప్పు, అగ్గిపెట్టె, టార్చిలైటు, ముసలివారి మందులు, చంటిబిడ్డ గుడ్డలు, నెలసరికి కావలసినవి ఉండవలెను. మూతగల క్యానులో మంచినీళ్లు. బయలుదేరునప్పుడు కొంగు నడుమునకు బిగించి, కుచ్చెళ్లు పైకి దోపుడు. లేదా సల్వారు కమీజు తొడుగుడు. జుట్టు ముడివేయుడు. గొడ్ల పలుపులు విప్పివిడువుడు. కట్టుగొయ్యకు కట్టిన పశువు ఈదజాలదు.

అయిదవది, సెలవు. "మీ మామగారు రానిండి", "ఆయన వచ్చిన తరువాత" అను మాటలు ఆ దినమున వలదు. హెచ్చరిక వచ్చినప్పుడు ఇంటనున్న పెద్ద స్త్రీ మాటయే ఆజ్ఞయని ముందుగానే, అందఱును భోజనమునకు కూర్చున్నవేళ, మగవారియెదుటనే నిర్ణయించుకొనుడు. వేటకు పోయినవారికి, పొలమున నున్నవారికి మీరు ఎక్కడ కలియుదురో చెప్పియుంచుడు.

2023వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన "మిచౌంగ్" అను తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటెను. పంటలు పోయినవి, రైతుల కన్నీరు మనము చూచితిమి. కాని 1977వంటి ఉప్పెన రాలేదు. రాలేదు గనుక కొందఱు "ఇంతేనా?" అనిరి. ఆ మాటయే మమ్ము భయపెట్టినది. 1864 తరువాత మన ముత్తవ్వల పిల్లలు కూడ ఒక్కొక్క గాలివానకును "ఇంతేనా?" అనుకొనుచునే యుందురు.

దుఃఖమును మఱచుట దేవుడిచ్చిన వరమందురు. నిజమే, ఏడ్పును మఱువవచ్చును. ఎత్తును మఱువరాదు, దారిని మఱువరాదు. మన యత్తగార్లు పచ్చడి కొలత ఎట్లు చేతికి అందించిరో, నీటి కొలతను కూడ అట్లే అందించవలెను. ఆ కొలతను మీ పెద్దలనుండి వ్రాసికొన్నవారు ఒక ప్రతిని మాకు పంపినచో, ఊరి పేరు మాత్రముంచి, మనుష్యుల పేళ్లు విడిచి, రాబోవు నెలలలో ఈ పుటయందే ప్రకటింతుము. తెనాలి, బాపట్ల, రేపల్లె సోదరీమణుల యుత్తరములకై ఎదురుచూచుచున్నాము.